ఇంటి ప్రింటర్‌లో స్పష్టంగా వచ్చే ఆన్‌లైన్ మ్యాప్‌లు: ఏ సైటు దేనికి పనికొస్తుంది

మ్యాప్ ప్రింట్ సరిగ్గా రాకపోతే ముందు అందరూ తిట్టేది ప్రింటర్‌ని. కార్ట్రిడ్జ్ మారుస్తారు, హెడ్ క్లీనింగ్ చేస్తారు, ఖరీదైన కాగితం కొంటారు. అయినా వీధుల పేర్లు మసకగానే ఉంటాయి. చాలాసార్లు ప్రింటర్ తప్పేమీ ఉండదు. ఆ సైటు ప్రింటర్‌కి పంపేది మ్యాప్ కాదు, తెర మీద కనిపించే బొమ్మ. అందుకే ఇక్కడ ఒక్కో సైటునీ ఒకే కొలమానంతో చూశాం: అది గీతల్నీ అక్షరాల్నీ పీడీఎఫ్‌గా ఇస్తుందా, లేక తెరను ఫోటో తీసి చేతికిస్తుందా?

లెక్క చూడండి. మామూలు ల్యాప్‌టాప్ తెర అడ్డంగా 1366 పిక్సెళ్లు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఏ4 కాగితం మీద అడ్డంగా 28 సెంటీమీటర్ల వెడల్పున పరిస్తే అంగుళానికి దాదాపు 124 చుక్కలు దక్కుతాయి. చిన్న అక్షరం కంటికి ఆనాలంటే 300 కావాలి. అంటే ఏ4 నిండా 2480 బై 3508 పిక్సెళ్ల బొమ్మ ఉండాలి. స్క్రీన్‌షాట్ అందులో సగం కూడా ఇవ్వలేదు. పీడీఎఫ్‌లో గీత గీతగానే, అక్షరం అక్షరంగానే ఉంటే ఈ గొడవే లేదు. ప్రింటర్ ఎంత సన్నగా వేయగలదో అంత సన్నగా వస్తుంది.

రెండో చిక్కు రంగులది. తెర కోసం ఎంచిన లేత రంగులు కాగితం మీద తేలిపోతాయి. నలుపు మాత్రమే వేసే లేజర్ ప్రింటర్ దగ్గర ఇది మరీ ఎక్కువ. దానికి బూడిద రంగు వేయడం రాదు. నల్ల చుక్కల్ని దూరదూరంగా పేర్చి బూడిద రంగులా భ్రమింపజేస్తుంది. పెద్ద మైదానానికో చెరువుకో అది సరిపోతుంది. అదే సన్నటి సందుకు అటూ ఇటూ ఉండే లేత బూడిద అంచు అయితే రెండు చుక్కలకీ మధ్య ఖాళీలో పడి తెగిపోతుంది. భూతద్దంతో చూస్తే గీత ఉండాల్సిన చోట చీమల బారులా విడివిడి చుక్కలు కనిపిస్తాయి.

గూగుల్ మ్యాప్స్

అందరూ వాడేది ఇదే కాబట్టి ముందు దీని సంగతి. కంప్యూటర్‌లో దారి వెతికి, వివరాలు తెరిస్తే ప్రింటర్ గుర్తు కనిపిస్తుంది. మ్యాప్‌తో కలిపి ప్రింట్ చేయాలా, మాటల్లో దారి మాత్రమే చాలా అని అడుగుతుంది. మాటల్లో దారి మాత్రం బాగా వస్తుంది. ఎక్కడ ఎడమకు తిరగాలి, ఎన్ని కిలోమీటర్లు అన్నది నల్లటి అక్షరాల్లో తేటగా పడుతుంది. సిగ్నల్ లేని ఘాట్ రోడ్డు మీద అది చాలు. మ్యాప్ భాగం మాత్రం నిరాశే. తెర మీద ఏది ఎంత వివరంగా ఉందో అంతే వస్తుంది. 2023లో రంగులు మార్చి రోడ్లను బూడిద రంగులోకి, నీళ్లను లేత నీలిపచ్చలోకి తెచ్చాక నలుపు తెలుపు ప్రింట్‌లో రోడ్డుకీ నేలకీ తేడా ఇంకా తగ్గింది.

తప్పనిసరిగా దీన్నే వాడాలంటే ఒక ఉపాయం. ఒకే పేజీలో ఊరంతా ఇరికించకండి. తెర మీద ఒక్క పేట నిండేదాకా జూమ్ చేసి, కంట్రోల్ పీ నొక్కి, అడ్డం పేజీ ఎంచి, పేట పేటకో కాగితం తీయండి. పైన వచ్చే ఖాళీ పెట్టెలో గుర్తుగా ఏదైనా రాసుకోవచ్చు, అదీ ప్రింట్‌లో పడుతుంది.

భాషను తెలుగుకు మారిస్తే ఊళ్ల పేర్లు తెలుగులో కనిపిస్తాయి. పెద్దవాళ్ల కోసం తీసేటప్పుడు ఇది నిజంగా ఉపయోగం. కానీ తెలుగు అక్షరానికి కింద ఒత్తు, పైన గుడి ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరం చదవగలిగే సైజులో మన 'క్ష్మీ' నల్లటి ముద్దయిపోతుంది. తెలుగు పేర్లకు కాగితం మీద కనీసం 9 పాయింట్ల సైజు పడేలా చూసుకోవాలి. అంటే ఇంకాస్త దగ్గరగా జూమ్ చేయాలి, ఇంకో రెండు కాగితాలు ఖర్చవుతాయి.

గూగుల్‌దే ఇంకో సేవ మై మ్యాప్స్. అందులో మన గుర్తులు మనం పెట్టుకున్నాక, మూడు చుక్కల మెనూలో ప్రింట్ మ్యాప్ అని ఉంటుంది. కాగితం సైజు, నిలువా అడ్డమా, పీడీఎఫ్‌గానా బొమ్మగానా అన్నది ఎంచుకోవచ్చు. పెళ్లి పత్రికతో పాటు పంపే దారి మ్యాప్‌కి మామూలు గూగుల్ మ్యాప్స్ కంటే ఇది మేలు.

ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ సొంత సైటు

2004లో మొదలైన, అందరూ కలిసి గీసే మ్యాప్ ఇది. కుడివైపు షేర్ గుర్తు నొక్కితే కింద బొమ్మ డౌన్‌లోడ్ చేసుకునే భాగం వస్తుంది. పీఎన్‌జీ, జేపెగ్, ఎస్‌వీజీ, పీడీఎఫ్ లాంటి రకాలుంటాయి. పీడీఎఫ్ ఎంచండి. కావలసిన ముక్కను మాత్రమే చతురస్రంగా లాగి పట్టుకునే వీలూ అక్కడే ఉంది. మ్యాప్ పొర (లేయర్) మామూలు స్టాండర్డ్‌లో ఉండాలి.

చార్మినార్ చుట్టుపక్కల ముక్క తీసి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. లాడ్ బజార్, పత్తర్‌గట్టీ వైపు సందులు ఇరుకు. స్క్రీన్‌షాట్‌లో ఆ సందుల పేర్లు కట్టడాల గోధుమ రంగులో కలిసిపోతాయి. పీడీఎఫ్‌లో పేర్లు నిక్కచ్చిగా నల్లగా ఉంటాయి, చుట్టూ సన్నటి తెల్ల అంచు ఉంటుంది కాబట్టి లేజర్ ప్రింట్‌లో కూడా చదవొచ్చు. కట్టడాల రంగు చుక్కలు చుక్కలుగా పడుతుంది, తెల్లటి సందు వాటి మధ్య ఎత్తి చూపినట్టు కనిపిస్తుంది. లేత పసుపు, లేత నారింజ రోడ్లు మాత్రం నలుపు తెలుపులో ఒకేలా ఉంటాయి, ఏది పెద్దదో వెడల్పును బట్టే పోల్చుకోవాలి.

లోపాలూ చెప్పాలి. డౌన్‌లోడ్ అయ్యే పీడీఎఫ్‌లో దూరం చూపే కొలబద్ద (స్కేల్ బార్) ఉండదు, ఉత్తర దిక్కు గుర్తు ఉండదు, గుర్తుల పట్టిక ఉండదు. స్కేలు పెట్టెలో మనం ఇచ్చే అంకె ఎంత వివరం రావాలో నిర్ణయించడానికి పనికొస్తుంది. కాగితం మీద స్కేలు పెట్టి దూరం కొలవడానికి దాన్ని నమ్మొద్దు. పీడీఎఫ్ పేజీ ఏ4 సైజులో రాదు, ప్రింటర్ దాన్ని కుదించగానే ఆ అంకెకు అర్థం పోతుంది. సైటు మీద రద్దీ ఎక్కువగా ఉంటే డౌన్‌లోడ్ నిరాకరిస్తుంది కూడా. కాసేపాగి ప్రయత్నిస్తే వస్తుంది.

మ్యాప్ ఓఎస్ మ్యాటిక్: ఇంటి ప్రింటర్‌కి మా మొదటి ఎంపిక

చిరునామా ప్రింట్ డాట్ గెట్ హైఫన్ మ్యాప్ డాట్ ఆర్గ్. ఇది కూడా ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ సమాచారంతోనే పనిచేస్తుంది. కానీ దీన్ని కట్టిందే కాగితం కోసం. తెర మీద అందంగా కనిపించాలన్న పట్టింపు దీనికి లేదు, అదే దీని బలం.

పని వరసగా సాగుతుంది. ముందు ఊరి పేరు వెతికి, మ్యాప్ మీద కావలసిన ప్రాంతాన్ని గీయాలి. తర్వాత పేజీ అమరిక: మ్యాప్ ఒక్కటే పేజీ నిండా కావాలా, వీధుల సూచిక పక్కన కావాలా, కింద కావాలా, లేక పలు పేజీల పుస్తకంలా కావాలా అని అడుగుతుంది. ఆ తర్వాత శైలి. ఇక్కడ తొందరపడకండి. రంగుల ప్రింటర్ ఉంటే మామూలు శైలి చాలు. నలుపు లేజర్ ఉంటే నలుపు తెలుపు శైలి ఎంచుకోవాలి. రంగు మ్యాప్‌ని ప్రింటర్ సొంతంగా బూడిద రంగులోకి మార్చడం కంటే, మొదటే నలుపు తెలుపుకు గీసింది ఎంతో తేటగా వస్తుంది. పైపొరల్లో కొలబద్ద ఉంటే దాన్ని టిక్ చేయండి, తర్వాత ప్రింట్ సరిచూసుకోవడానికి అదే ఆధారం. చివర కాగితం సైజు, నిలువా అడ్డమా, శీర్షిక. అంతా అయ్యాక వరుసలో నిలబెడుతుంది, కొన్ని నిమిషాల్లో పీడీఎఫ్ సిద్ధమవుతుంది. ఫైళ్లను ఎల్లకాలం దాచిపెట్టదు, వెంటనే దించుకోవాలి.

ఎంత ప్రాంతం గీయాలన్నదే అందరూ పొరబడే చోటు. అంచులు పోగా ఏ4లో మ్యాప్‌కి దక్కేది సుమారు 19 బై 27 సెంటీమీటర్లు. 1:5,000 స్కేలులో, అంటే కాగితం మీద 1 సెంటీమీటరు నేల మీద 50 మీటర్లయితే, అది 950 మీటర్లు బై 1.35 కిలోమీటర్లు. ఒక పాత పేటకి, ఒక గుడి చుట్టుపక్కలకి సరిపోతుంది. 1:10,000లో 1.9 బై 2.7 కిలోమీటర్లు. నడిచి తిరగడానికి ఇదే మంచి కొలత, ప్రతి సందూ పేరుతో సహా చదవొచ్చు. 1:25,000కి వెళ్తే 4.75 బై 6.75 కిలోమీటర్లు, చిన్న పట్టణం పట్టేస్తుంది కానీ సందుల పేర్లు రాలిపోతాయి. విజయవాడనో వరంగల్‌నో మొత్తం ఒక్క ఏ4లో గీస్తే పెద్ద రోడ్లు తప్ప ఏమీ మిగలదు. అలాంటప్పుడు పలు పేజీల అమరిక తీసుకోండి. లేదా ఏ3 పీడీఎఫ్ చేయించి పెన్‌డ్రైవ్‌లో జిరాక్స్ షాపుకి పట్టుకెళ్లండి.

వీధుల సూచిక దీని ప్రత్యేకత. పేరు పక్కన గడి సంఖ్య ఉంటుంది, మ్యాప్ మీద ఆ గడిలో వెతుక్కోవచ్చు. కానీ మన ఊళ్లలో దీని అక్కర కొంతే తీరుతుంది. మనవాళ్లు పేరు పెట్టని సందులు సూచికలో ఉండవు. పైగా హైదరాబాద్ కాలనీల్లో ప్రతి కాలనీకీ ఒక రోడ్ నంబర్ 3 ఉంటుంది కాబట్టి ఆ పేరు వరసగా ఎన్నోసార్లు వస్తుంది, ఏది ఎవరిదో తెలియదు. పేర్లు దండిగా ఉన్న పాత పట్టణాలకి సూచిక పెట్టించుకోండి. కొత్త కాలనీలకైతే సూచిక తీసేసి ఆ జాగా కూడా మ్యాప్‌కే ఇవ్వడం మంచిది.

ఇంకో మాట. మన రాష్ట్రాల్లో ఈ మ్యాప్ మీద పేర్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే కనిపిస్తాయి. ఊరి తెలుగు పేరు సమాచారంలో విడిగా నమోదై ఉన్నా మామూలు శైలి దాన్ని చూపదు. తెలుగు పేర్లే ముఖ్యమైతే పైన చెప్పినట్టు గూగులే దిక్కు.

సర్వే ఆఫ్ ఇండియా షీట్లు

పల్లెలు, గుట్టలు, వాగులు, చెరువులు కావాలంటే పై సైట్లు చాలవు. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు ఓపెన్ సిరీస్ షీట్లను తన ఆన్‌లైన్ మ్యాప్స్ పోర్టల్‌లో ఉచితంగా పీడీఎఫ్‌లుగా ఇస్తోంది. ఖాతా తెరిచి లాగిన్ కావాలి. షీటు సంఖ్య తెలియకపోతే సూచిక మ్యాప్ మీద చూసుకోవచ్చు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఈ44తో మొదలయ్యే షీట్లలోకి వస్తాయి. తిరుపతి డీ44లోకి, అనంతపురం డీ43లోకి వస్తాయి.

గీతల నాణ్యతలో దీనికి సాటి లేదు. గుట్ట ఎత్తు చూపే వంపుగీతలు, ఎండిపోయే వాగు, నీళ్లుండే వాగు, బావి, గుడి అన్నిటికీ గుర్తులున్నాయి. చిక్కంతా సైజుతో. ఒక షీటు 15 నిమిషాల అక్షాంశం బై 15 నిమిషాల రేఖాంశం. మన ప్రాంతంలో అది సుమారు 26.5 బై 27.7 కిలోమీటర్లు, కాగితం మీద 53 బై 55 సెంటీమీటర్లు. దాన్ని ఏ4లోకి ఫిట్ చేస్తే మూడో వంతు సైజుకు కుంగిపోతుంది. వంపుగీతలు ఒకదానికొకటి అంటుకుని గోధుమ రంగు మరకలవుతాయి. ఈ షీట్లు ప్రింట్‌కి పనికిరావని చాలామంది అనేది ఇందుకే. తప్పు ఆ ఫిట్ బటన్‌ది.

సరైన దారి రెండు రకాలు. మొత్తం కావాలంటే అడోబీ రీడర్ ప్రింట్ పెట్టెలో పోస్టర్ అన్నది ఎంచి, స్కేలు 100 శాతం, ఒకదానిపై ఒకటి వచ్చే అంచు 1 సెంటీమీటరు పెట్టి, కత్తిరింపు గుర్తులు, పేజీ సంఖ్యలు టిక్ చేయండి. మ్యాప్‌తో పాటు చుట్టూ ఉండే పట్టికలు కలిపితే తొమ్మిది ఏ4 కాగితాలైనా అవుతాయి. ఒక గుట్టో ఒక మండలంలో కొంత భాగమో చాలనుకుంటే, అదే రీడర్‌లో స్నాప్‌షాట్ సాధనంతో ఆ ముక్కను ఎంచుకుని ప్రింట్ ఇవ్వండి, సైజు దగ్గర యాక్చువల్ సైజ్ ఉండాలి. ఏ4 మీద 9.5 బై 13.5 కిలోమీటర్ల నేల వస్తుంది. ముక్క మాత్రమే తీస్తే కొలబద్ద పోతుంది కాబట్టి 2 సెంటీమీటర్లంటే 1 కిలోమీటరని మూల మీద రాసుకోండి.

షీటు అంచులో సర్వే చేసిన సంవత్సరం తప్పక చూడాలి. పాతదైతే కొత్త బైపాస్‌లు, కొత్త కాలనీలు అందులో ఉండవు. గుట్టలూ వాగులూ మాత్రం ఎక్కడికీ పోవు.

పిల్లల మ్యాప్ పాయింటింగ్‌కి

పదో తరగతి సోషల్‌లో మ్యాప్ పాయింటింగ్ ఉంటుంది కాబట్టి ఇళ్లలో ఎక్కువగా ప్రింట్ తీసేది ఖాళీ అవుట్‌లైన్ మ్యాపే. బొమ్మల వెతుకులాటలో మొదట దొరికిన చిన్న జేపెగ్‌ని తీస్తే సరిహద్దు గీత మెట్లు మెట్లుగా వస్తుంది, నదులు దూది పోగుల్లా వస్తాయి. వెడల్పు 2000 పిక్సెళ్లు దాటిందో లేదో ముందు చూడండి, లేదా పీడీఎఫ్ వెతకండి. దేశం అవుట్‌లైన్ సర్వే ఆఫ్ ఇండియా సైటు నుంచే తీసుకోవాలి. విదేశీ సైట్లలో కశ్మీర్ సరిహద్దు వేరుగా గీసి ఉంటుంది, అది చూసి గీయడం నేర్చుకున్న పిల్లలకు పరీక్షలో తప్పు పడుతుంది.

జిల్లాల మ్యాప్‌లో తేదీ చూడకుండా తీయొద్దు. 2014 జూన్ 2కి ముందటి 23 జిల్లాల ఉమ్మడి రాష్ట్ర మ్యాప్‌లు ఇంకా నెట్‌లో తిరుగుతున్నాయి. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 31 జిల్లాలయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. గీతలు ఎంత తేటగా ఉన్నా పాత మ్యాప్ పాతదే.

శాటిలైట్ బొమ్మలు

బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ 2009 నుంచి ఉంది, పొలాలూ చెరువులూ చూడటానికి మంచిది. కానీ ఏ శాటిలైట్ బొమ్మనైనా ఇంటి ప్రింటర్‌లో ఏ4 నిండా తీయడాన్ని మేం సిఫారసు చేయం. కాగితం అంతా రంగుతో తడిసి అలలు తేలుతుంది, ఇంకు తాగేస్తుంది, ముదురు ఆకుపచ్చలన్నీ నల్లగా అలుక్కుపోతాయి. పొలం గట్లు కావాలంటే చిన్న ముక్కను ఫోటో కాగితం మీద తీయండి.

అమెరికాలో ఉన్నవాళ్లకు

అక్కడి జియలాజికల్ సర్వే ఇచ్చే యూఎస్ టోపో షీట్లు ఉచితం, 1:24,000 స్కేలు, పీడీఎఫ్. తెరవగానే నేలను పైనుంచి తీసిన ఫోటో పరిచి ఉంటే భయపడొద్దు. రీడర్‌లో ఎడమవైపు లేయర్ల జాబితా తెరిచి ఆ ఫోటో పొరను ఆపేస్తే తెల్లటి నేల మీద గీతలు మాత్రం మిగులుతాయి, ఇంకు ఆదా అవుతుంది. అక్కడి లెటర్ కాగితం 216 బై 279 మిల్లీమీటర్లు, మన ఏ4 210 బై 297. ఇక్కడ ఏ4కి చేసిన పీడీఎఫ్ అక్కడ అసలు సైజులో తీస్తే పైనా కిందా తెగుతుంది. అక్కడికి పంపేదైతే మొదటే లెటర్ ఎంచి చేయండి.

ప్రింట్ నొక్కే ముందు

ఎంత మంచి పీడీఎఫ్‌నైనా పాడుచేసే సెట్టింగులు కొన్ని ఉన్నాయి. ఫిట్ అన్నది ఉంటే ప్రింటర్ చెప్పాపెట్టకుండా కుదిస్తుంది. 1:10,000 మ్యాప్ 96 శాతానికి కుదిస్తే సెంటీమీటరుకి 100 మీటర్లు కావాల్సింది 104 అవుతుంది. ప్రింట్ రాగానే కొలబద్ద మీద స్కేలు పెట్టి ఒకసారి కొలవండి.

ఇంకు ట్యాంక్ ప్రింటర్లలో డ్రాఫ్ట్ వద్దు, నాణ్యత హై పెట్టండి. ఎప్సన్ డ్రైవర్లలో హై స్పీడ్ లేదా బై డైరెక్షనల్ అన్న టిక్ తీసేస్తే హెడ్ ఒకవైపు వెళ్లేటప్పుడే వేస్తుంది. ఆలస్యమైనా నిలువు గీతలు జంటగా పడవు. అప్పటికీ పడుతుంటే హెడ్ అలైన్‌మెంట్ చేయాలి. మామూలు 75 జీఎస్‌ఎమ్ కాపియర్ కాగితం మీద సన్న గీత ఇంకు పీల్చుకుని ఒత్తుగా మారుతుంది. 100 జీఎస్‌ఎమ్ బాండ్ వాడితే అక్షరం అంచు నిలుస్తుంది. లేజర్‌లో టోనర్ సేవ్ ఆపేయండి. అది చుక్కల్ని మరింత పలచబరుస్తుంది, ముందు మాయమయ్యేది సందుల అంచులే.

పీఎన్‌జీ తప్ప వేరే దారి లేకపోతే బొమ్మల్ని సరిదిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌లో తెరిచి, కలర్స్ మెనూలో లెవెల్స్‌కి వెళ్లి, మధ్య అంకెను 1 నుంచి 0.65 దాకా తగ్గించండి. లేత రంగులు ముదురుతాయి, లేజర్‌కి పట్టు దొరుకుతుంది. ఇమేజ్ మెనూలో ప్రింట్ సైజు దగ్గర 300 పెట్టి చూస్తే ఆ బొమ్మ కాగితం మీద నిజంగా ఎన్ని సెంటీమీటర్లకు సరిపోతుందో తెలిసిపోతుంది.

బయటికి తీసుకెళ్లేదైతే లేజర్ ప్రింటే మంచిది, టోనర్ నీళ్లకు కరగదు. ఇంటి ఇంకు ట్యాంకుల్లోని రంగు ఇంకులు చెమట చేతికే అలుక్కుపోతాయి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి తీసుకెళ్లాలి. షీట్లు అతికించేటప్పుడు ప్రతి కాగితానికీ కుడి అంచు, కింది అంచు మాత్రమే కత్తిరించండి. మిగిలిన అంచులు పక్క కాగితం కిందికి పోయి ఆనుతాయి. అతుకు వెనక వైపు నుంచి టేపు వేయండి. ముందు వైపు తడి జిగురు తగిలితే రంగు ఇంకు కరిగి, సరిగ్గా రెండు కాగితాలు కలిసే చోట రోడ్డు పేరు చెరిగిపోతుంది.